పద్నాలుగో బ్యాచ్

మధురానగర్, హైదరాబాదు
14 ఆగస్టు 2025, గురువారం

గౌరవనీయులైన చలపతిరావు అన్నయ్యగారికి,

లీలాకుమారి నమస్కరించి వ్రాయునది. జూబ్లీహిల్స్‌లో మీరందరూ కుశలమని మీ మేనేజరు సాయిశ్రీనివాస్ వాట్సాప్‌లో పెడుతున్న ఫోటోలవల్ల తెలుస్తూనే ఉంది. ఇక్కడ నేను క్షేమం. మన చేపపిల్లల హ్యాచరీలో ఆడచేపలు మూడు వందల ఎనిమిది, మగచేపలు ఎనభై ఒకటి క్షేమం. మగచేపలు నూట మూడు ఉండాలి. మిగిలిన ఇరవై రెండింటి సంగతి కింద రాస్తాను. దానికి కొంత ఓపిక కూడదీసుకోవాలి.

రోజూ ఫోనులో మాట్లాడుకునేవాళ్ళం, ఉత్తరం ఎందుకమ్మా అని మీకు అనిపించవచ్చు. ఫోనులో నా మాటను మీరు సగంలోనే అందుకుంటారు. ఎదురుగా వస్తే కాఫీ తెప్పిస్తారు, ఆ కాఫీ పూర్తయ్యేలోగా మరెవరో వస్తారు. కాగితానికి ఈ ఇబ్బందులు లేవు. పైగా నేను చెప్పబోయేది వరుస తప్పకుండా చెప్పవలసిన విషయం.

మూడేళ్ళ కిందట మీరు నన్ను ఫిల్మ్‌నగర్ పిలిపించి, షేక్‌పేట వైపు గేటున్న ఆ పాత ఫ్లోరు తలుపులు తీయించారు. షూటింగులన్నీ కొత్త స్టూడియోలకు తరలిపోయాక అందులో సీరియల్ సెట్ల చెక్కముక్కలూ పావురాలూ మిగిలాయి. ఫంక్షన్ హాలుకు ఇచ్చెయ్యమంటున్నారు చెల్లెమ్మా, మనసొప్పడం లేదు, నీకేమైనా తోస్తోందా అని అడిగారు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ ఉద్యోగంలో తిలాపియా పిల్లల ఉత్పత్తి తప్ప మరొకటి చేయనిదాన్ని. నాకు మరొకటి తోచే అవకాశమే లేదు.

అయితే ఆ ఫ్లోరే ఎందుకు నచ్చిందో అప్పుడు మీకు చెప్పలేదు. నిర్మాతగా మీ మొదటి ఆరు సినిమాలకు మావారు సూర్యప్రకాశరావుగారు సౌండ్ రికార్డిస్టుగా శబ్దం పట్టింది అక్కడే. బయట లారీ హారను కొట్టినా లోపలికి వినిపించకుండా ఆ గోడలకు ఏ పొర మీద ఏ పొర వేయాలో ఆయన దగ్గర నిలబడి వేయించారు. తిలాపియా ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. పది పన్నెండు రోజులు తిండి ముట్టదు. చప్పుడుకో, హఠాత్తుగా పడిన వెలుగుకో బెదిరిందంటే గుడ్లను ఉమ్మేస్తుంది, లేదా మింగేస్తుంది. అటువంటి తల్లికి కావలసింది నిశ్శబ్దం. మావారు పోయి తొమ్మిదేళ్ళయినా, ఆయన కట్టిన నిశ్శబ్దం ఆ నాలుగు గోడల మధ్య చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని వృథా పోనివ్వకూడదనుకున్నాను.

తలుపు మీది ఎర్రదీపాన్ని కూడా అందుకే తీయనివ్వలేదు. షూటింగు రోజుల్లో ఆ దీపం వెలిగితే హీరో అయినా సరే బయటే నిలబడేవాడని ఆయన చెప్పేవారు. నేనూ అదే నియమం పెట్టాను. ఎల్లమ్మ గుడ్లు తీస్తున్నంతసేపూ ఎర్రదీపం వెలుగుతుంది. అది ఆరేవరకు లోపలికి ఎవరూ రాకూడదు.

ఎల్లమ్మను మీరు గుర్తుపట్టకపోవచ్చు. షేక్‌పేట పాత ఊరి మనిషి. ఒకప్పుడు ఆ ఫ్లోరులోనే సెట్లు ఊడ్చేది. నాకు డాక్టరేటు ఉంది, ఆమెకు చేతులు ఉన్నాయి. ప్రతి ఏడో రోజూ వలలో తల్లిచేపను అందుకుని, పసిబిడ్డకు ఉగ్గు పట్టేటప్పుడు చేసినట్టు తల కొంచెం వంచి, బొటనవేలితో కింది దవడ విప్పి, గిన్నెలోని నీటిలో మునిగీ మునగనట్టు ఊపుతుంది. గుడ్లు ఒక్కటీ చితకకుండా జారతాయి. వాటిని జాడీల్లో వేసి అడుగునుంచి సన్నగా నీరు పంపిస్తాం. తల్లి నోట్లో దొర్లినట్టే అవి జాడీలో దొర్లుతూ ఉండాలి. ఆగితే బూజు పడుతుంది. తెల్లబడిన గుడ్డును ఆ పూటే ఏరేయాలి, లేకపోతే పక్కవాటినీ పాడుచేస్తుంది. మొదటి ఆరు నెలలు నేనే ఏరాను. ఇప్పుడు నాకన్నా ముందు ఎల్లమ్మ కన్నే పడుతుంది.

పిల్లలు ఈదడం మొదలుపెట్టిన నాటినుంచి ఇరవై ఒక్క రోజులు హార్మోన్ కలిపిన మేత పెడతాం, రోజుకు ఆరుసార్లు. అప్పటికి ఆ పిల్ల ఆడా కాదు, మగా కాదు. ఈ మందు మేతతో ఆ మూడు వారాల్లోనే మగదిగా తేలాలి. మగదైతే తిన్నదంతా ఒంటికి పడుతుంది. ఆడదైతే మూడు నాలుగు నెలలకే గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, ఎదుగుదల మానేసి, గుంటంతా పిల్లలతో నింపుతుంది. అందుకే రైతు అన్నీ మగపిల్లలే అడుగుతాడు. ఇరవై ఒకటి అన్నది నా పంతం కాదు. నిరుటి వానాకాలంలో మందు సమయానికి రాక ఒక బ్యాచ్‌కు పదహారో రోజున మేత ఆగిపోయింది. అందులోంచి వంద పిల్లల్ని వేరుగా పెంచి, రెండు నెలల తరువాత ఒక్కొక్కటీ కోసి సూక్ష్మదర్శినిలో చూశాను. ముప్ఫై ఒకటి ఆడవి. ఆ వివరం కాగితం మీద రాసి మీ చేతికి ఇచ్చాను. మీరు దానిమీద టీ కప్పు పెట్టారు. గుండ్రటి మరకతో సహా ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది.

ఇదంతా మీకు తెలియదని రాయడం లేదు. తెలిసి చేశారని రాస్తున్నాను.

పన్నెండో బ్యాచ్ జూలై పదిహేడున మొదలై, ఇరవై మూడు రోజులు మందు మేత తిని, ఆగస్టు ఎనిమిదికి సిద్ధమైంది. పదమూడు అచ్చిరాదని మీరన్నారు కనుక తరువాతిది పద్నాలుగో బ్యాచ్ అయింది. అది జూలై ఇరవై ఆరున మొదలైంది. దానికి ఇరవై ఒక్క రోజులు నిండేది రేపటికి. కానీ మీరు గుమ్మడికాయ కొట్టి, ఆ పిల్లల్ని హీరోగారి చేతుల మీదుగా ఇప్పించడానికి ముహూర్తం మొన్న ఆదివారం, పదో తేదీ ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకు పెట్టించారు.

సినిమా మొదలుపెడితే కొబ్బరికాయ, షూటింగు పూర్తయితే గుమ్మడికాయ. ఫిల్మ్‌నగర్‌లో ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆ ఆనవాయితీని నేను ఎన్నడూ తక్కువ చేసి మాట్లాడలేదు. కానీ పని పూర్తయితే గుమ్మడికాయ కొడతారు గాని, గుమ్మడికాయ కొట్టాం కనుక పని పూర్తయిందని ఏ దర్శకుడైనా అన్నాడా? ఇంకా ఐదు రోజులున్నాయి అన్నయ్యగారూ అని మీ దగ్గరికి మూడుసార్లు వచ్చాను. మొదటిసారి మీరు నవ్వి, ఇరవై రోజుల షెడ్యూలు పద్నాలుగు రోజుల్లో చుట్టేసినవాళ్ళం మనం, చేపపిల్లలకు పదహారు చాలవా అన్నారు. రెండోసారి, హీరోగారి కాల్షీటు ఆ ఒక్క పూటే దొరికింది, ఆయన్ని మళ్ళీ పట్టుకోవడం నా తరమా అన్నారు. మూడోసారి శనివారం వచ్చాను. అప్పుడు సాయిశ్రీనివాస్ కూడా ఉన్నాడు.

ఆ పూట జరిగిన మాటలు మీకు గుర్తుండాలి. పదహారు రోజుల పిల్లల్ని బాలనర్సయ్యగారి మత్స్యకారుల సొసైటీకి ఇవ్వకూడదని చెప్పాను. ఆయన మన దగ్గరికి ఎందుకు వచ్చాడో గుర్తుచేశాను. రెండేళ్ళ కిందట వేరెవరి దగ్గరో కొన్న పిల్లలు కలగలుపువని తేలి వాళ్ళు దెబ్బతిన్నారు. ఆరు నెలలకు గుంటలు తోడి జూస్తే ఒక్క చేప అరచేతికి రాలే మేడమ్, పిల్లలు వెట్టుడే పనిగ వెట్టుకున్నయి, మావోళ్ళు నా మొహం మీద ఉమ్మేసినంత పనిజేసిండ్రు, ఈసారి గట్లయితే సొసైటీ ఉండది నేనుండ అని ఆయన మీ సోఫా అంచున కూర్చుని చెప్పినప్పుడు మీరూ విన్నారు. అరవై రెండు కుటుంబాలు. రెండు గుంటలు. ఇదే ఆఖరిసారని సభ్యులు తీర్మానం రాసుకుని మరీ ఆయన్ని పంపారు.

అందుకని, ముహూర్తం మార్చలేకపోతే పిల్లల్ని మారుద్దాం, పన్నెండో బ్యాచ్ నలభై వేలూ సిద్ధంగా ఉన్నాయి, అవి సొసైటీకి ఇద్దాం అన్నాను. మీరు తల అడ్డంగా ఊపారు. అవి శంకరపల్లి ఫామ్‌హౌస్‌కని అనుకున్నాంగా, మనం తినేదీ మనింటికి వచ్చినవాళ్ళకు పెట్టేదీ అదే కదమ్మా, మంచివి మనకుండనీ అన్నారు. సాయిశ్రీనివాస్ అందుకుని, మేడమ్, కెమెరాకి మేల్ ఏంటి ఫీమేల్ ఏంటి, కవర్లో అన్నీ సేమ్ మెరుస్తాయి, ఎవడు లోపలికి దూరి చూస్తాడండీ అన్నాడు. మీరు అతన్ని కసురుతారని ఒక్క క్షణం ఎదురుచూశాను. మీరు నవ్వారు.

అన్నయ్యగారూ, నాకు అసహ్యం పుట్టింది అక్కడ. ఆ మాటను నేను తూచి రాస్తున్నాను. ముప్ఫై ఒక్క సంవత్సరాలు కుళ్ళిన చేపల కడుపులు కోసి చూసినదాన్ని. వాసన వచ్చిందని నేనెన్నడూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. శనివారం మీ ఏసీ గదిలో, అగరొత్తుల వాసనలో, పెట్టుకోవాలనిపించింది.

కనీసం ఆయనకు నిజం చెప్పండి, రెండు నెలలు ఆగి ఆడవాటిని ఏరేసుకోవచ్చు అని బతిమాలాను. ఫంక్షన్ అయిపోనీ చెల్లెమ్మా, నేనే ఫోన్ చేసి చెబుతాను అని మీరు మాట ఇచ్చారు. సంచులకు కట్టే చీటీల మీద మాత్రం రోజులు నిండినట్టు రాసి, కింద నా సంతకం ఉండితీరాలని కూడా అన్నారు. నేను సరేనన్నాను.

ఇక ఆదివారం. పొద్దున నాలుగున్నరకే వచ్చి, ఎల్లమ్మా నేనూ రెండు బ్యాచ్‌లనూ సంచుల్లో నింపాం. ముందురోజు సాయంత్రంనుంచి మేత ఆపి, కడుపులు ఖాళీ అయ్యాక, సంచికి వెయ్యి చొప్పున, మూడో వంతు నీరు, మిగతా అంతా ప్రాణవాయువు. ప్రతి సంచికీ నా చేత్తో రాసిన చీటీ. అందులో ఏముంటుందో మీకు తెలుసు: బ్యాచ్ నంబరు, మందు మేత పెట్టిన రోజులు, పిల్లల లెక్క, కింద సంతకం. తొమ్మిదింటికి మీరు వచ్చి సంతకం ఉందా లేదా అని ఒక్క చీటీ తిప్పి చూశారు. ఉంది. మీ ముఖం తేటపడింది. ముప్ఫై ఏళ్ళుగా ఎరిగిన మనిషి అబద్ధానికి సంతకం పెట్టిందని నమ్మి, ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారని నేను అనుకోలేదు.

పది గంటలకు ఎల్లమ్మ మూడో తొట్టిలో తల్లిచేపల నోళ్ళు చూడటం మొదలుపెట్టింది. ఎర్రదీపం వెలిగించే ఉంది. ఆ తొట్టిలో గుడ్లు పట్టిన తల్లులు నూట నలభై. కార్యక్రమం బయట షామియానాలో అని నాతో చెప్పారు. పదీ ముప్ఫై అయిదుకు తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ముందు డప్పులు, వెనక పొగ యంత్రం, మా నెత్తి మీదుగా దీపాలతో ఎగిరే డ్రోను. మూడో తొట్టి దగ్గర వెలుగు బాగుందని కెమెరా మనిషి అన్నాడట. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, తొట్టి చుట్టూ మూడుసార్లు తిప్పి, తొట్టి గట్టుకేసి కొట్టారు. ముక్కలూ, కుంకుమా, సున్నమూ, అందులో దూర్చిన చిల్లర నాణేలూ నీళ్ళలో పడ్డాయి. చప్పట్లు కొట్టారు.

మావారు కట్టిన నిశ్శబ్దం ముప్ఫై ఏళ్ళు నిలిచి, ఆ మూడు నిమిషాల్లో పోయింది.

నీరు తేరుకున్నాక తొట్టి అడుగు చూశాను. గుమ్మడి గింజల మధ్య, నాణేల మధ్య, శనగబద్ద రంగులో గుడ్లు పరుచుకుని ఉన్నాయి. నలభై వేలు దాటి ఉంటాయి. ఉమ్మినవి అవి. మింగినవాటికి లెక్క లేదు. ఎల్లమ్మ చీర ఎగదోపుకుని తొట్టిలోకి దిగి, చేటలో గుడ్లు ఎత్తడం మొదలుపెట్టింది. ఫ్రేములోంచి తప్పుకో ఆంటీ అని ఎవరో అరిచారు. నీ ఫ్రేము నీ కాడనే వెట్టుకో బిడ్డా, నా కాళ్ళ కింద పానాలున్నయి అంది ఆమె. తరువాత నావైపు తిరిగి, గిదేంది మేడమ్, కడుపుతోని ఉన్నదాని నెత్తి మీద ఎవలన్న గుమ్మడికాయ పలగ్గొడతరా, ఇది దిష్టి తీసుడు కాదు, దిష్టి వెట్టుడు అంది. మీరు అప్పటికి హీరోగారితో కలిసి బయటికి వెళ్ళిపోయారు.

షామియానా కింద హీరోగారు మొదటి సంచిని ఎత్తి బాలనర్సయ్యగారి చేతుల్లో పెట్టారు. ఫోటో తీశారు. పిల్లలు పోయిన వారంకన్నా ఒళ్ళు చేశాయి మేడమ్, సూపర్ అని సాయిశ్రీనివాస్ నన్ను మెచ్చుకున్నాడు. ఇస్త్రీ మడతలు పోని తెల్లచొక్కాలో వచ్చిన బాలనర్సయ్యగారు ఆ సంచిని కళ్ళకద్దుకుని, అందరినీ దాటుకుని నా దగ్గరికి వచ్చాడు. అమ్మా, నాకు సినిమావాళ్ళతోని పనిలేదు, నువ్వు జెప్పు, గివన్నీ మొగయేనా అని అడిగాడు. చీటీ మీద ఉన్నది నిజం, కింద నా సంతకం ఉంది అని చెప్పాను. మీరు పక్కనే ఉన్నారు. నా భుజం తట్టారు. ఇంటికి వచ్చాక ఆ భుజాన్ని రెండుసార్లు కడుక్కున్నాను.

భోజనాల సంగతితో ఈ రోత పూర్తవుతుంది. మీరు బలవంతం చేస్తే కూర్చున్నాను. వేయించిన చేప వడ్డించారు. వెన్ను దగ్గర గట్టిగా ఏదో తగిలితే వేలితో విప్పి చూశాను. పసుపుపచ్చ బిళ్ళ. దానిమీద 37. అది మన మొదటి తొట్టిలోని ముప్ఫై ఏడో నంబరు మగచేప. నాలుగు తరాలుగా, ఒళ్ళు చేసే గుణం చూసి, రోగం రాని వంశం చూసి, ఒక్కొక్కటీ ఎంచి నిలబెట్టుకున్న విత్తనం అది. లైవ్ కౌంటర్ మేడమ్, గెస్టులు ఫిదా, పెద్దవి ఆ ట్యాంకులోనే ఉన్నాయని అవే పట్టించాం అని సాయిశ్రీనివాస్ సంతోషంగా చెప్పాడు. ఇరవై రెండు. కరువులో ఉన్నవాడు విత్తనపు వడ్లు వండుకు తిన్నాడంటే అర్థం చేసుకోగలను. మీ ఇంట ఏ కరువు వచ్చింది అన్నయ్యగారూ? బిళ్ళను కడిగి పర్సులో వేసుకున్నాను.

సోమ, మంగళవారాలు మీ ఫోను కోసం చూశాను. నాకు కాదు, బాలనర్సయ్యగారికి మీరు చేస్తానన్న ఫోను. నిన్న బుధవారం మీ ఫిల్మ్‌నగర్ ఆఫీసుకు వచ్చినప్పుడు, ఆ ఫోటోను తలుపంత పెద్దది చేయించి, మీ కుర్చీ వెనక గోడకు తగిలిస్తున్నారు. చెప్పారా అని అడిగాను. ఆరు నెలల తరువాత సంగతి ఇప్పుడెందుకు లీలా, అప్పటికి ఎవరికి గుర్తుంటుంది అన్నారు. తరువాత కాఫీ తెప్పించారు.

నేను తాగకుండా లేచి వచ్చేశాను. మీరు గమనించి ఉండరు.

ఇప్పుడు జరగవలసిన పని రాస్తాను. కోపం పనికి అడ్డం రాకూడదు. మూడో తొట్టి నీరు రోజుకు మూడో వంతు చొప్పున మారుస్తున్నాను. సున్నం వల్ల పడిన మంట తగ్గుతోంది. ఆ తల్లులకు రెండు వారాలు విశ్రాంతి ఇవ్వాలి, ఎవరు తొందరపెట్టినా జతకు వదలకూడదు. పోయిన ఇరవై రెండు మగచేపల చోటును ఇక్కడి పిల్లలతో నింపితే అన్నాచెల్లెళ్ళను కలిపినట్టవుతుంది. వేరే వంశంవి తెప్పించి, మూడు వారాలు విడి తొట్టిలో ఉంచి, రోగం లేదని తేలాకే కలపాలి. మందు మేత కలిపేటప్పుడు ఎల్లమ్మకు చేతి తొడుగులూ ముక్కుగుడ్డా ఉండాలని ఏడాదిగా అడుగుతున్నాను. ఎర్రగడ్డ మార్కెట్లో నేనే కొని తెచ్చాను. ఇకమీదట అవి మీ బాధ్యత. ఆమె వయసులో ఒంటికి పట్టకూడని మందు అది. మందు తొట్ల నీటిని నాలాలోకి వదలమని సాయిశ్రీనివాస్ వాచ్‌మన్‌కు చెప్పాడట. ఆ నీరు వారం రోజులు ఎండలో నిలవాలి. నీరు వదిలే మీటకు నేను తాళం వేయించాను. ఎర్రదీపానికి కొత్త బల్బు వేశాను.

ఇవన్నీ కష్టమైన పనులేమీ కావు. హ్యాచరీని బాగా నడపడమంటే ఏ రోజు పని ఆ రోజు చేసి, నిండవలసిన రోజు నిండేదాకా చేతులు కట్టుకుని ఆగడం. పని మీరు అందరికన్నా బాగా చేయిస్తారు. ఆగడం మాత్రం మీకు చేతకాలేదు.

రేపు ఉదయం ఆరు గంటలకు ఎప్పటిలాగే వస్తాను. నేను రాకూడదనుకుంటే గేటు దగ్గర చెప్పించండి, మాట పడకుండా వెనక్కి వెళ్ళిపోతాను. మీ మోకాలి నొప్పికి డాక్టరు చెప్పిన వ్యాయామం మానవద్దు. ఆదివారం మీరు మెట్లెక్కలేక కటకటపడటం చూశాను.

ఇట్లు,
మీరు చెల్లెమ్మా అని పిలిచే,
లీలాకుమారి

తా.క.: వరసలో రాయవలసినదాన్ని ఒకదాన్ని కావాలనే ఆఖరుకు ఉంచాను. ఆదివారం బాలనర్సయ్యగారు తీసుకువెళ్ళినవి పన్నెండో బ్యాచ్ పిల్లలు. ఇరవై మూడు రోజులూ పూర్తయినవి. సాయిశ్రీనివాస్‌కు ఒళ్ళు చేసినట్టు కనిపించింది అందుకే. మీ పద్నాలుగో బ్యాచ్ నలభై వేలూ సోమవారం శంకరపల్లి చేరి, మీ ఫామ్‌హౌస్ గుంటలో ఈదుతున్నాయి. ఎల్లమ్మ తప్పేమీ లేదు. ఏ తొట్టివి ఎవరికో ఆమెకు చెప్పింది నేను. మీ సొత్తును మీకు చెప్పకుండా మార్చాను, అది తప్పే. దానికి మీరు ఏం చేసినా పడతాను. ఈ మూడు రోజుల్లో మీరు బాలనర్సయ్యగారికి ఒక్క ఫోను చేసి ఉంటే, ఆ సాయంత్రమే మీ ఇంటికి వచ్చి చెప్పేసి, క్షమించమని అడిగేదాన్ని. ఈ ఉత్తరం ఉండేదే కాదు.

మీ గుంటలో సుమారు మూడో వంతు ఆడవి ఉంటాయి. భయపడవద్దు. అవి గుడ్లు పెట్టే వేళకు వంద కొర్రమీను పిల్లల్ని వదిలితే పుట్టిన పిల్లల్ని తినేస్తాయి. కానీ మూడు నెలలు నిండకముందు వదలకండి, ఇప్పుడు గుంటలో వేసిన పిల్లల్నే మింగేస్తాయి. దీనికి ముహూర్తం అక్కర్లేదు, రోజులు లెక్కపెడితే చాలు. ఏ రోజున వదలాలో వచ్చి చెబుతాను.

మరొకటి. చీటీల మీద నేను అబద్ధం రాయలేదు. సొసైటీ సంచులు నలభయ్యింటి మీదా పన్నెండో బ్యాచ్, ఇరవై మూడు రోజులు అనే ఉంది. ఎవరూ చదవలేదు. మీ కుర్చీ వెనకున్న ఫోటోలో హీరోగారి చిటికెన వేలి పక్కన ఒక చీటీ వేలాడుతోంది. అక్షరాలు చిన్నవే గాని, కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా నిలబడితే కనిపిస్తాయి.